వెనక్కి నడిచేవాడు

జూన్ 3, మంగళవారం

పొద్దున్నుంచీ ముసురు. షాపు షట్టరుకి నూనె వేశాను. ఇప్పుడు కిర్రుమనడం లేదు.

కోసినవి: కిటికీ అద్దాలు ఆరు, టేబుల్ పైది ఒకటి. పగిలినవి: ఒకటి. తోడల్లుడు తన జోకుకి తనే నవ్వుతుండగా.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. ధ్యానం నేర్పే టీచరట. గోడకి ఆనించిన అలల అద్దం చూసి అక్కడే నిలబడిపోయింది. ఆ అలలు నేను చెక్కినవి. చిన్న రాతి చక్రం, నీటి చుక్క, ఊపిరి బిగబట్టడం. ఎవరూ నేర్పలేదు. పాడైపోయిన అద్దం ముక్కల మీద గీసి గీసి పట్టుకున్నాను. ఆవిడ అద్దం వంక చూసి, తర్వాత తోడల్లుడి వంక చూసి, "మీ చేతిలో ఏదో ఉందండీ" అంది.

తోడల్లుడు మెలికలు తిరిగిపోయాడు. "ఏదో, మీ అభిమానం" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగి, "ఈయన మీ హెల్పరా?" అంది.

"అయ్యో, మా అన్నయ్యండీ. మాట తక్కువ" అన్నాడు వాడు.

అక్కని నేను చేసుకున్నాను, చెల్లెల్ని వాడు చేసుకున్నాడు. అందుకని అన్నయ్య అంటాడు. అనడానికేముంది, నోరు ఊరికే ఉండదు కదా వాడికి.

మేడ మీద గది కిటికీకి అలాంటి అద్దమే కావాలని ఆర్డరిచ్చింది. వెళ్తూ వెళ్తూ నాతో, "లోపల ఒకరుంటారండీ. మనం నోరు మూసుకుంటే వాళ్లు మాట్లాడతారు. కొన్నాళ్లు మౌనంగా ఉండి చూడండి" అంది. నాతో! ఆ మాట చెప్పాల్సిన మనిషి అప్పుడు పక్కనే ఫోనులో ఎవరికో గట్టిగా దారి చెబుతున్నాడు.

ఇందులో బాధపడాల్సిందేమీ లేదు. జరిగింది జరిగినట్టు రాశానంతే.

జూన్ 4

ముసురు తగ్గింది. రేపటి నుంచి మౌనం. ఎన్నాళ్లని పెట్టుకోలేదు. లోపలివాడు మాట్లాడేదాకా.

నిన్నటి విషయానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది పూర్తిగా ఆత్మకి సంబంధించినది.

జూన్ 5

ఎండ. డ్రైనేజీ జాలీ శుభ్రం చేశాను.

ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున మా ఆవిడ, "టిఫిను చల్లారిపోతోంది, కూర్చోండి" అంది. కూర్చున్నాను. "ఉప్పు సరిపోయిందా?" అంది. తలూపాను. "సాయంత్రం బల్బు తెస్తారా?" అంది. తలూపాను. తెచ్చాను. బిగించాను. వెలిగింది. ఇద్దరం దాని వంక చూశాం.

పడుకోబోయే ముందు ఫోనులో వాళ్ల చెల్లెలితో చెబుతోంది: "ఆ, ఇంట్లోనే ఉన్నారే. బాగానే ఉన్నారు. ఏముంటాయి విశేషాలు, మామూలే."

మామూలే! మనిషి రోజంతా మహా మౌనంలో ఉంటే మామూలేనట.

జూన్ 6

ఇంట్లో ఇబ్బంది లేదు గానీ పనిలో చిక్కొచ్చింది. ముందు ఆలోచించలేదు.

పెద్ద అద్దం మోసేటప్పుడు తోడల్లుడు ముందు ఉంటాడు, వెనక్కి నడుస్తాడు. నేను అవతలి చివర, దారి చూస్తూ నడుస్తాను. షాపు పెట్టినప్పటి నుంచీ ఇంతే. వాడికి దారి కనపడదు కాబట్టి నేనే చెప్పాలి. మెట్టు. మలుపు. ఎడమకి. ఆగు. దించు. రోజు మొత్తం మీద నేను మాట్లాడే మాటల్లో సగం ఇవే. మిగతా సగం కొలతలు. దారి పొడుగునా వాడు వెనక్కి నడుస్తూ కబుర్లు చెబుతుంటాడు, పక్కింటివాళ్లని పలకరిస్తుంటాడు, ఒక్కసారీ తల తిప్పడు.

ఈరోజు మాట బదులు వేలితో అద్దం మీద కొట్టాను. ఒకసారి కొడితే మెట్టు, రెండుసార్లయితే ఆగమని. రెండు నిమిషాల్లో పట్టేశాడు. అది ఒప్పుకోవాలి.

"గొంతు పోయిందా అన్నయ్యా?" అన్నాడు.

అవునని గానీ కాదని గానీ అనలేదు. మౌనంలో అబద్ధం ఉండదు. ఇంకాసేపటికి గొంతు బిళ్లలు తెచ్చిచ్చాడు. చప్పరించాను. పుదీనా రుచి. బాగున్నాయి.

జూన్ 8

సెలవు. ఎండ. పరుపులు ఆరేశాను.

గంటసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాను. లోపలివాడు మాట్లాడాడు! స్పష్టంగా వినిపించింది. ఏమన్నాడంటే: "'మా అన్నయ్య చెక్కాడండీ' అనడానికి ఎన్ని మాటలు? మూడు. వాడు రోజుకి ముప్పై వేలు మాట్లాడతాడు. అందులో మూడు తీయలేకపోయాడు."

ఇతను అసలైన లోపలివాడు కాదనుకుంటాను. ఆసుపత్రిలో డాక్టరు గది బయట ఒకడు నిలబడి అందరినీ ఆపుతుంటాడే, అలాంటివాడు అయ్యుంటాడు. అసలాయన ఇంకా లోపల ఉంటాడు. ఓపిక పట్టాలి.

జూన్ 9

ఈరోజు నాలో అహం బొత్తిగా లేదు. తోడల్లుడిలో మాత్రం చాలా కనిపించింది.

జూన్ 11

మబ్బు. కోసినవి: నాలుగు. పగిలినవి: లేవు.

టీచరు అద్దం పూర్తయింది. ఈసారి అలలు మొదటి దానికన్నా బాగా వచ్చాయి. కింద దట్టంగా, పైకి పోయే కొద్దీ పల్చగా. పైన ఒక చోట అల ఉందో లేదో తెలియనట్టు వదిలేశాను. తోడల్లుడు చాలాసేపు నోరు తెరవకుండా చూశాడు. వాడిని అలా ఎప్పుడూ చూడలేదు. తర్వాత "టీ తాగుదామా?" అన్నాడు.

టీ తాగుదామా! అంతే.

రేపు తీసుకెళ్లాలి.

జూన్ 12

ఎండ. కోసినవి: లేవు. పగిలినవి: లేవు.

జూన్ 13

ఎండ. ఏ పనీ చేయలేదు.

నిన్న జరిగింది రాయలేదు. రాస్తాను.

టీచరు ఇంటి ముందు చిన్న నడవ, తర్వాత మెట్లు. వాడు ఎప్పటిలాగే వెనక్కి నడుస్తున్నాడు. కుడి చేతికి గ్లవుజు లేదు. మాట్లాడేటప్పుడు ఆ చెయ్యి ఊపాలి వాడికి, అందుకని తీసేసి జేబులో పెట్టుకుంటాడు. ఎన్నిసార్లు చెప్పినా వినడు. టీచరు మెట్ల పైన నిలబడి, "అబ్బ! ఎంత బాగా చెక్కారండీ!" అంది. నాతో కాదు. నేను అద్దం వెనకాల ఉన్నాను. వాడికేసి చూస్తూ అంది. వాడు పళ్లికిలించి, "అసలు ఈ అలలు చెక్కింది మా" అన్నాడు.

అప్పుడు మెట్టు వచ్చింది.

రెండు చేతులూ బరువు మీద ఉన్నాయి. వేలు ఆడించే వీలు లేదు. లోపలి నుంచి ఒక మాట వచ్చింది: "మెట్టు". పూర్తిగా, గట్టిగా, నాలుక కొస దాకా వచ్చింది. నేను దాన్ని మింగేశాను.

మౌనంలో ఉన్నాను కదా అనుకున్నాను. అనుకోవడానికి టైముంది. అంత టైముంది నాకు.

వాడి మడమ మెట్టుకి తగిలింది. కూలబడ్డాడు. అద్దం మాత్రం వదల్లేదు, ఒళ్లోకి తీసుకున్నాడు. దాని మీద గీత కూడా పడలేదు. పగిలినవి లేవు అని రాసింది నిజమే. వాడి అరచెయ్యి తెగింది. కుట్లు పడ్డాయి. కాలు బెణికింది.

ఆసుపత్రిలో కట్టు కడుతుంటే వాడే నాకు ధైర్యం చెప్పాడు. "తప్పు నాదే అన్నయ్యా. మీరు కొట్టే ఉంటారు. నా వాగుడులో నాకే వినపడలేదు. మీరేం మనసులో పెట్టుకోకండి."

ఇక్కడ ఒకటి దాచకుండా రాయాలి. ఆ మాట వినగానే నాకు మొదట తట్టింది, అహం లేకపోవడంలో కూడా వీడే నాకన్నా ముందున్నాడే అని.

జూన్ 14

మౌనం వదిలేశాను. పొద్దున లేచి మా ఆవిడతో, "కాఫీ ఇస్తావా?" అన్నాను.

"అలక తీరిందా?" అంది.

"అలకేమిటి? మౌనం. ధ్యానం టీచరు చెప్పింది."

"ఆహా. టీచరు అలగమందా?"

"నీకు తెలిసిందా అసలు, నేను మాట్లాడటం లేదని?"

"ఎందుకు తెలీదు? మీరు ఊరికే మాట్లాడకుండా ఉంటే గిన్నె సింకులో పెడతారు. అలిగి మాట్లాడకుండా ఉంటే కడిగి మరీ పెడతారు. వారం పైనైంది నేను మీ గిన్నె తోమి. చెల్లెలితో కూడా అన్నాను, మీ బావకి ఎక్కడో బాగా తగిలిందే, కానీ మనకి లాభంగానే ఉందని."

"మరి అడగలేదేం?"

"అడిగితే చెబుతారా ఏమిటి?" అని కాఫీ ఇచ్చింది. తాగి గ్లాసు కడగబోయి ఆగాను. ఏం చేయాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

జూన్ 16

చినుకులు. టీచరు ఫోను చేసింది. తోడల్లుడు ఎలా ఉన్నాడని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి, "మీ లోపలివారు మాట్లాడారా?" అంది.

"మాట్లాడారండీ."

"ఏమన్నారు?"

"మెట్టు అన్నారు."

నాకు అర్థం చెబుతుందేమోనని చూశాను. "అద్దం ఎప్పుడు బిగిస్తారు మరి? గదిలోకి పావురాలు వస్తున్నాయి" అంది.

జూన్ 17

తోడల్లుడి ఇంటికి వెళ్లాను. వాడు నిద్రపోతున్నాడు. మరదలు మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. అక్కలాగా నవ్వించి మాట్లాడదు ఈమె. ఉన్నదున్నట్టు చెబుతుంది.

"బావగారూ, మీకు కోపమొస్తే రానివ్వండి. నోరు విప్పని మనిషిని నమ్ముకుని ఈయన రోజూ వెనక్కి నడుస్తుంటే నా గుండె ఆగిపోతోంది. అల్యూమినియం కిటికీల కంపెనీలో రమ్మంటున్నారు. లెక్కలు చూసే పని, కుర్చీలో కూర్చోవచ్చు. నెలాఖరులోపు చెప్పమన్నారు. మీరు కూడా ఒక మాట చెప్పండి, వెళ్లమని."

మంచినీళ్లు తాగేశాను. ఒక్కడు అద్దం మోయలేడు. ఈ షాపు ఇద్దరి షాపు. వాడు వెళ్తే నేను బాత్‌రూం అద్దాలు కోసుకుంటూ కూర్చోవాలి. అదీ కాక

అదేమిటో రేపు రాస్తాను.

జూన్ 18

అదీ కాక, వాడు లేకపోతే షాపులో చప్పుడుండదు. కట్టరు గీసే చప్పుడు తప్ప. ఈ వారం అంతా విన్నాను.

వాడికి నిజం చెప్పాలి. మెట్టు నాకు కనపడిందనీ, చెప్పకూడదనుకునే చెప్పలేదనీ. కుట్లు విప్పాక చెబుదాం. నొప్పిలో ఉన్నవాడికి చెప్పడం మంచిది కాదు.

జూన్ 20

కుట్లు విప్పారు. ఇప్పుడే చెప్పడం మంచిది కాదు. చర్మం లేతగా ఉంది.

జూన్ 21

పై రెండు రోజులూ చదివాను. చర్మానికీ నా నోటికీ ఏమిటి సంబంధం? రేపు చెబుతాను.

జూన్ 22

చెప్పాను.

వాడింటి బయట వరండాలో కూర్చున్నాం. వాడు ఎవరిదో పెళ్లిచూపుల కథ చెబుతున్నాడు. మధ్యలో ఆపి చెప్పేశాను. వాడు నవ్వుతూనే విన్నాడు మొదట.

"మెట్టు కనపడిందా మీకు?"

"కనపడింది."

"నేను పడతానని తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"ఆవిడ నిన్ను మెచ్చుకుంది."

వాడి మొహంలో నవ్వు పోయింది. వాడి మొహంలో నవ్వు లేకుండా చూడటం అదే మొదలు. కొంచెం వయసు కనపడింది.

"ఇన్నేళ్లలో నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశానా అన్నయ్యా?" అన్నాడు.

"లేదు."

లేచి కుంటుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. పెళ్లిచూపులు ఏమయ్యాయో తెలియలేదు.

జూన్ 23

మబ్బు. ఆశ్చర్యం, షాపుకి వచ్చాడు. కాలు బాగానే ఆనిస్తున్నాడు. పని చేశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. కొలత అడిగితే కాగితం మీద రాసి చూపించాడు.

నేను కూడా మాట్లాడకుండా ఉంటే షాపులో ఇద్దరు మూగవాళ్లు అయిపోతారు. కస్టమర్లు భయపడతారు. అందుకని నేనే మాట్లాడటం మొదలుపెట్టాను.

మాట్లాడినవి: వాతావరణం. అద్దాలు అతికించే పుట్టీ నాణ్యత తగ్గిపోవడం. అద్దం అంచుకి తొడిగే రబ్బరు బీడింగ్. మళ్లీ వాతావరణం. నా చిన్నప్పటి పిల్లి. పిల్లి గురించి ఎక్కువసేపు చెప్పలేకపోయాను, అది తొందరగానే పారిపోయింది. భోజనం వేళకి గొంతు ఎండిపోయింది. వాడు తలెత్తలేదు.

ఇంత పనా ఇది! ఒక మాటకి ఇంకో మాట దొరకాలి. అది అవతలివాడికి నచ్చాలి. నచ్చకపోతే ఇంకోటి వెతకాలి. వాడు ఇన్నేళ్లూ ఒక్కడే ఇద్దరి వాటా మాట్లాడాడు. నేను దాన్ని వెక్కిరిస్తూ రాశాను, ఇందులోనే, చాలా చోట్ల.

జూన్ 24

ఈరోజు జోకు చెప్పాను. వాడే ఎప్పుడో నాకు చెప్పిన జోకు. చివర కుదరలేదు. వాడి పెదవి కొద్దిగా కదిలింది. నవ్వు కాదు, నా తప్పు దిద్దబోయి ఆపుకున్నాడు.

జూన్ 25

కాగితం మీద రాసి నా ముందు పెట్టాడు: "టీచరు అద్దం బిగించేసి, తర్వాత కంపెనీ వాళ్లకి చెబుతాను." ఏం చెబుతాడో రాయలేదు. అడగలేదు.

ఇంకో సంగతి. "ఈ అలలు చెక్కింది మా" అన్నాడు కదా, పడే ముందు. మా తర్వాత ఏమిటి? మా అన్నయ్య? మా షాపు? మా ఇద్దరం? రోజూ నా మనసులో ఇదే. ఇప్పుడు అడిగే మొహం లేదు. ఆ మాటకి అడ్డం పడింది నేనే కదా.

జూన్ 27, శుక్రవారం

మంచి ఎండ. పొద్దున వ్యాను కడిగాను.

ఇది టీచరు మేడ మీద గదిలో, నేల మీద కూర్చుని రాస్తున్నాను. టీచరు ఊళ్లో లేదు. తాళం కింది వాటావాళ్లకి ఇచ్చి వెళ్లింది. అద్దం బాగుందనడానికి మనిషి లేడు. పావురాలున్నాయి.

వ్యాను దగ్గర అద్దం దించాక వాడు ఎప్పటిలాగే ముందుకి వెళ్లబోయాడు. "ఇటు నేనుంటాను" అన్నాను. వాడు నా వంక చూశాడు. కాసేపటికి అవతలి చివరికి వెళ్లి పట్టుకున్నాడు. రెండు చేతులకీ గ్లవుజులు వేసుకున్నాడు, ఊపే అవసరం లేదు కాబట్టి.

వెనక్కి నడవడం నేనెప్పుడూ చేయలేదు. అసలు అది చిన్న పని అనుకునేవాడిని. దారి చూసేవాడే పెద్ద అని. నాలుగడుగులు వేసేసరికి వీపంతా చెవులైపోయింది. ఎక్కడ గోడ, ఎక్కడ గుమ్మం, ఏమీ తెలియదు. ఎదురుగా అద్దం, అద్దంలోంచి అలలు, అలల వెనక వాడి మొహం. వాడు నా మీదుగా దూరంగా చూస్తున్నాడు. నోరు మూసుకునే ఉన్నాడు.

నడవ అయిపోవస్తోందని తెలుసు. మెట్టు ఎక్కడో దగ్గర్లోనే ఉంది. తల తిప్పుదామనుకున్నాను. మెడ దాకా వచ్చింది. తిప్పలేదు. చెప్పకపోతే చెప్పకపోనీ, పడదాం అనుకున్నాను. మడమ వెనక్కి వేశాను.

"మెట్టు!" అని అరిచాడు. కింది వాటావాళ్ల తలుపు తెరుచుకుంది.

కాలు గాల్లోనే ఆగింది. మెల్లగా పైకి పెట్టాను.

"ఇంకో మెట్టు. చూసుకోండి. ఆ, చూసుకోలేరుగా ఇప్పుడు, ఎలా ఉందో తెలుస్తోందా? మెట్టు. గొంతు పోయిందేమోనని బిళ్లలు తెచ్చిచ్చాను. చప్పరించారండీ! మనిషన్నవాడు వద్దంటాడు. మెట్టు. మూడు పాకెట్లు చప్పరించారు. మలుపు. ఎడమకి. మీ ఎడమ కాదు, నా ఎడమ. అబ్బబ్బ, ఆగండి! కుదిరిందా? మెట్టు. అలిగితే తిట్టొచ్చుగా? కొట్టొచ్చుగా? ఆ రాతి చక్రం విసిరెయ్యొచ్చుగా నా మొహాన? మెట్టు. ఇంట్లో మా ఆవిడ రోజూ, మీ అన్నయ్య, మీ అన్నయ్య అని... చివరి మెట్టు. ఇంకా లేపుతున్నారేం కాలు? అయిపోయాయి మెట్లు!"

మెట్టుకో తిట్టు. ఒక్కటీ వదల్లేదు. పైకొచ్చేసరికి ఇద్దరికీ చెమట్లు. అద్దం గోడకి ఆనించి ఎదురెదురుగా కూలబడ్డాం. వాడికి ఊపిరి అందడం లేదు. మోసినందుకు కాదు, మాట్లాడినందుకు. ఐదు రోజుల మాటలు కదా.

"ఆ జోకు అలా కాదు చెప్పేది" అన్నాడు చివరికి. సరిగ్గా చెప్పాడు. నవ్వాను.

"వచ్చే వారం బ్యాంకు వాళ్ల తలుపులు పట్టుకెళ్లాలి. మీరే వెనక్కి నడవండి, నాకు ఇటువైపు బాగుంది. అన్నీ కనపడుతున్నాయి."

"కంపెనీ వాళ్లో?" అన్నాను.

"కుర్చీలో కూర్చుంటే ఎవరిని తిట్టను?" అన్నాడు.

ఫ్రేములో అద్దం నిలబెట్టాం. వాడు మేకులు కొట్టడానికి బయటి వరండాలోకి వెళ్లాడు. గదిలో నేనొక్కడినే. ఎండ అలల్లోంచి వచ్చి నేల మీద పడుతోంది. చాలా బాగుంది. ఇది నేను చేశానని ఇక్కడ ఎవరికీ తెలియదు, తెలియకపోయినా ఫరవాలేదనిపించింది. నిజంగానే అనిపించింది. లోపల ఎవరూ ఏమీ అనలేదు. అసలాయన ఇలాగే ఉంటాడేమో, ఏమీ అనకుండా.

ఆ తర్వాత కట్టరు తీసి, అద్దం కింది మూలన, పుట్టీ కిందకి పోయే చోట, నా పేరు మొదటి అక్షరం చెక్కాను. పుట్టీ వేస్తే ఎవరికీ కనపడదు. కనపడనిదాన్ని అహం అనకూడదు.

వాడు అప్పుడే లోపలికొచ్చాడు. వంగి చూశాడు.

"నాదీ చెక్కండి" అన్నాడు.

"చోటు చాలదేమో" అన్నాను.

"చాలుతుంది. మీది మరీ పెద్దగా చెక్కారు."

నిజమే, కొంచెం పెద్దగానే పడింది. పక్కన చోటు లేకపోలేదు. కానీ అలలు చెక్కింది నేను కదా, ఒక్క అల కూడా వాడిది కాదు. మోసింది ఇద్దరం, అది వేరే సంగతి. ఇది రాసుకుంటూ ఆలోచిస్తానని ఇలా కూర్చున్నాను. వాడు పుట్టీ పిసుకుతూ నా వంకే చూస్తున్నాడు. "రాతలు ఆపండి అన్నయ్యా, ఎండిపోతోంది" అంటున్నాడు. వస్తున్నానన్నాను. వాడి అక్షరం నా దానికన్నా కష్టం, రెండు వంపులున్నాయి. అయినా మూలకి కాస్త ఇటు జరిపి చెక్కితే పడుతుంది. లేస్తున్నాను.